వస్తువు పర్యావరణ భారం లెక్కించే ముందు, అది ఎన్నిసార్లు పనికొచ్చిందో తేల్చండి

ప్రశ్న: ఒక వస్తువు తయారైనప్పటి నుంచి పారేసేదాకా పర్యావరణం మీద ఎంత భారం వేస్తుందో నిజంగా కొలవగలరా? కంపెనీలు ప్రకటించే కార్బన్ అంకెల్ని నమ్మొచ్చా?

కొలవగలరు. కొన్నేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగమే అది. ఇక నమ్మకం సంగతి. ఆ అంకె పక్కన "ఈ వస్తువును ఎంతకాలం, ఎన్నిసార్లు వాడతారని లెక్క వేశాం" అన్న ముక్క లేకపోతే దాన్ని నమ్మకండి. కరెంటు ఎంత కాలింది, డీజిల్ ఎంత పోశారు, ఎన్ని కిలోల ముడిసరుకు కొన్నారు, ఇవన్నీ బిల్లుల్లో దొరుకుతాయి. కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. వాడకం మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు. ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని ఒక అంకె అనుకుంటారు. మిగతా లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

నాకు ఈ అభిప్రాయం ఎక్కడ గట్టిపడిందో చెబుతాను. ఒక పంపిణీ సంస్థ అట్టపెట్టెలు మానేసి, తిరిగి తిరిగి వాడుకునే ప్లాస్టిక్ క్రేట్లకు మారింది. దానివల్ల పర్యావరణానికి ఎంత మేలు జరిగిందో లెక్కకట్టి రిపోర్టు ఇమ్మన్నారు. వివరాలు సేకరించే పని నాది. మొదటి మీటింగులోనే ఒక ఎక్సెల్ షీటు ఇచ్చారు. క్రేట్ బరువు, ప్లాస్టిక్ రకం, లారీలు తిరిగే దూరాలు, అన్నీ శ్రద్ధగా నింపి ఉన్నాయి. "ఒక్కో క్రేట్ తిరిగే ట్రిప్పులు" అన్న గడిలో 100 అని ఉంది. ఈ వంద ఎక్కడిదని అడిగితే, క్రేట్లు అమ్మినవాళ్ల బ్రోషర్‌లో ఉందన్నారు.

ఆ ఒక్క గడి ఎంత పని చేస్తుందో చూడండి. గట్టి క్రేట్‌కి, అదే సరుకు పట్టే అట్టపెట్టె కన్నా చాలా ఎక్కువ ముడిసరుకు పడుతుంది. ఆ ప్లాస్టిక్ పెట్రోలియం నుంచి వస్తుంది. దాన్ని తయారుచేసినందుకూ, మోల్డింగ్ మెషీన్లో కరిగించి అచ్చుపోసినందుకూ అయిన భారమంతా పుట్టకముందే క్రేట్ నెత్తికెక్కుతుంది. దాన్ని 100తో భాగిస్తే ఒక్కో ట్రిప్పు వాటాకి వచ్చేది నామమాత్రం. 20తో భాగిస్తే అదే భారం ఐదు రెట్లు. ఫ్యాక్టరీలో ఏమీ మారలేదు, లారీ మారలేదు, ప్లాస్టిక్ మారలేదు. భాగించే అంకె ఒక్కటే మారింది.

క్రేట్లు కడిగే షెడ్డుకి నేను వెళ్లింది నీళ్ల మీటరు రీడింగ్ కోసం. అక్కడి సూపర్‌వైజర్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. రీడింగ్ ఇచ్చి, "ఇంతకీ ఏం లెక్కమ్మా ఇది?" అని అడిగారు. చెప్పాను. వంద ట్రిప్పులు అనగానే ఆయన చేతిలో పని ఆపేశారు. "వందా? ఎవరు చెప్పారమ్మా మీకు?"

పక్కనున్న వరసలోంచి ఒక క్రేట్ లాగి బోర్లించారు. అడుగున చిన్న గుండ్రటి ముద్ర ఉంది. మధ్యలో సంవత్సరం, చుట్టూ నెలల అంకెలు, ఏ నెలలో తయారైందో చూపించే బాణం గుర్తు. అచ్చుపోసిన ప్లాస్టిక్ వస్తువులు చాలావాటికి ఈ ముద్ర ఉంటుంది. అది నిరుడు తయారైన క్రేట్. ఇంకోటి తీశారు, అది ఈ ఏడాదిది. మరోటి, అదీ అంతే. వరస తర్వాత వరస తిరగేస్తూ పోయారు. "క్రేట్లు మొదలుపెట్టి ఐదేళ్లు దాటిందమ్మా. వంద ట్రిప్పులు తిరిగేవే అయితే మొదటి ఏడాదివి ఇక్కడే ఉండాలిగా. ఒక్కటి వెతికి చూపించండి." ఇద్దరం కలిసి వెతికాం. దొరికినవి చాలా తక్కువ. అవీ మూలలు పగిలినవే.

మరి అవన్నీ ఏమయ్యాయంటే, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఫోర్క్‌లిఫ్ట్ ముళ్లు గుచ్చుకుని మూలలు విరిగినవి కొన్ని. సరుకు అందుకున్న చోటే ఆగిపోయినవి ఇంకా ఎక్కువ. మంచి గట్టి క్రేట్ దొరికితే ఎవరు వదులుకుంటారు? కూర్చోడానికి పనికొస్తుంది, బోర్లించి బల్లగా వాడుకోవచ్చు, సామాను సర్దుకోవచ్చు. కొన్ని వేరే శాఖ లారీ ఎక్కి అటే పోతాయి. "మీకు కావాల్సింది నా దగ్గర లేదు, స్టోర్స్‌లో ఉంది. ఏటా కొత్తవి ఎన్ని కొంటున్నారో అడగండి, మీకే తెలిసిపోతుంది" అన్నారు.

ఆయన చెప్పిన ఆ మాట నేను చదివిన ఏ శిక్షణ పుస్తకం కన్నా ఎక్కువ పనికొచ్చింది. ఎందుకో వివరిస్తాను, ఇది ఎక్కడైనా వాడుకోవచ్చు. తిరుగుతున్న మొత్తం క్రేట్ల సంఖ్య ఇంచుమించు స్థిరంగా ఉందనుకోండి. అప్పుడు కొత్తగా కొనేవన్నీ పోయినవాటికి బదులు కొంటున్నవే. కాబట్టి ఏడాది మొత్తంలో సరుకుతో బయటికి వెళ్లిన క్రేట్ల సంఖ్యను, అదే ఏడాది కొన్న కొత్త క్రేట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో క్రేట్ సగటున ఎన్ని ట్రిప్పులు తిరిగిందో వచ్చేస్తుంది. సెన్సర్లు అక్కర్లేదు, సర్వే అక్కర్లేదు. డిస్పాచ్ రిజిస్టరూ కొనుగోలు ఖాతా ఉంటే చాలు. ఆ రెండూ తెప్పించి భాగించాను. బ్రోషర్ చెప్పినదాంట్లో నాలుగో వంతు కూడా రాలేదు.

కడగడం సంగతి ఇంకోటి. వేడినీళ్లతో కడుగుతారు. ఆ నీళ్లు కాచే బాయిలర్‌కి ఇంధన మీటరు ఒక్కటే, కానీ అదే బాయిలర్ పక్కనున్న మరో లైనుకీ ఆవిరి ఇస్తుంది. దాన్లో క్రేట్ల వాటా ఎంత? ఇలాంటి పంపకాలకు ఐఎస్‌ఓ 14044 (ఈ లెక్కలు ఎలా కట్టాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) ఒక వరస చెబుతుంది. వీలైతే ప్రక్రియను విడగొట్టి పంపకం అవసరమే లేకుండా చూడు. కుదరకపోతే భౌతికమైన సంబంధాన్ని బట్టి పంచు. అదీ కుదరకపోతే ధరను బట్టి పంచు. చాలామంది మొదటి మెట్టు కష్టమని నేరుగా చివరి మెట్టుకి దూకుతారు, ఎందుకంటే ధరలు కంప్యూటర్లో ఉంటాయి. మేం వేడినీళ్ల పైపుకి ఫ్లో మీటరు పెట్టించి, ఉష్ణోగ్రతలు రాసుకుని వాటా తేల్చాం. పంచే పద్ధతి మారితే వాటా ఎంత మారుతుందో పక్కపక్కన వేసి చూశాక, రిపోర్టుల్లో "పంపకం: ప్రమాణం ప్రకారం" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది. ఏ మెట్టు ప్రకారమో చెప్పాలి కదా.

ఖాళీ క్రేట్లు తెచ్చే లారీని కూడా లెక్కలోంచి తీసెయ్యమన్నారు. "లారీ ఎలాగూ ఖాళీగానే వస్తుంది కదా" అన్నది వాళ్ల వాదన. నిజంగానే ఎలాగూ వచ్చే లారీ అయితే నేనూ ఒప్పుకుంటాను. కానీ మడవని క్రేట్ ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నంత చోటూ తింటుంది. అట్టపెట్టెల కాలంలో తిరుగు ప్రయాణంలో ఆ లారీలు వేరే సరుకు తెచ్చేవి, ఇప్పుడు తేవడం లేదు. అంటే ఆ సరుకు కోసం ఇంకో లారీ బయల్దేరింది. దాన్ని లెక్కలో వేశాను.

చివరికి తేలింది ఇది. 100 ట్రిప్పులతో లెక్కేస్తే క్రేట్ ఘనంగా గెలిచింది. అసలు ట్రిప్పులతో లెక్కేస్తే దగ్గరి దూరాల్లో గెలిచింది, కానీ తేడా చాలా తగ్గిపోయింది. అన్నిటికన్నా దూరపు రూట్లలో అట్టపెట్టే నయమని వచ్చింది. రిపోర్టు ముఖ్య పట్టికలో మాత్రం 100 ట్రిప్పుల అంకెలే పెట్టించారు. నా లెక్క అనుబంధంలోకి వెళ్లింది. తర్వాత వేసిన పోస్టర్ మీద "ఇంత శాతం తక్కువ కార్బన్" అన్నది ఒక్కటే ఉంది, ట్రిప్పుల ఊసు లేదు. నేను గట్టిగానే వాదించాను, నెగ్గలేదు. ఒక వస్తువు ఇంకోదానికన్నా మేలని బహిరంగంగా చెప్పాలంటే కనీసం ముగ్గురు సభ్యుల స్వతంత్ర సమీక్షా బృందం చూడాలని అదే ఐఎస్‌ఓ ప్రమాణం అంటుంది. ఆ సమీక్ష జరగలేదు. ప్రమాణం పేరు మాత్రం పోస్టర్ మీద ఉంది.

కానీ ఆ అనుబంధాన్ని గోదాం మేనేజర్ ఒకాయన చదివారు. ఏ చోటికి ఎన్ని క్రేట్లు వెళ్తున్నాయి, ఎన్ని వెనక్కి వస్తున్నాయి అని చోటు చోటుకీ విడిగా రాయించడం మొదలుపెట్టారు. పోతున్నవాటిలో అధికభాగం కొద్దిచోట్లే పోతున్నాయని బయటపడింది. అక్కడ కొత్త క్రేట్లు దించాలంటే పాతవి ఎక్కించాలన్న నియమం పెట్టారు. ఆ తర్వాత కొత్త క్రేట్ల కొనుగోలు తగ్గింది. నిజమైన అంకె పెడితే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది. బ్రోషర్ అంకె పెడితే చేసేదేమీ కనపడదు, అంతా అప్పటికే బాగున్నట్టు ఉంటుంది.

ఇదేదో నా ఒక్కదాని చాదస్తం కాదు. ఈ లెక్కలు పుట్టిన నాటి నుంచీ ఈ గొడవ ఉంది. 1969లో కోకా-కోలా కంపెనీ అమెరికాలో మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చేత తన డబ్బాలు, సీసాల మీద మొదటి లెక్క కట్టించింది, దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. అదే పరిశోధన సంస్థ 1974లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థకు పానీయాల డబ్బాలు, సీసాల మీద చేసిన లెక్కలో, తిరిగొచ్చే గాజు సీసాకి ట్రిప్పుల సంఖ్యను బట్టి వేరువేరు ఫలితాలు ఇచ్చారు. అంత మొదట్లోనే తెలిసిన సంగతి ఇవాళ్టి పోస్టర్లలో కనిపించదు.

సంచుల గురించి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే ఫోన్లలో తిరిగే ఒక అంకె నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. "గుడ్డ సంచి 20,000 సార్లు వాడితే గానీ ప్లాస్టిక్ సంచి కన్నా మేలు కాదు" అన్నది. ఈ అంకె 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ ప్రచురించిన అధ్యయనంలోది. ఉన్నమాటే. కానీ అది సేంద్రియ పత్తి సంచికి, అన్ని రకాల ప్రభావాల్లోకీ అత్యంత చెడ్డదాన్ని పట్టుకుంటే వచ్చిన అంకె. ఆ చెడ్డ ప్రభావం ఓజోన్ పొరకు సంబంధించింది. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే అదే అధ్యయనంలో సేంద్రియ పత్తి సంచికి 149 సార్లు, మామూలు పత్తి సంచికి 52 సార్లు. పైగా వాళ్లు తీసుకున్న సేంద్రియ పత్తి సంచి కొలతకు చిన్నదని, ఒక ప్లాస్టిక్ సంచికి బదులు రెండు గుడ్డ సంచులు లెక్కేశారు. ప్లాస్టిక్ సంచి కాలవల్లో, సముద్రంలో చేరితే జరిగే నష్టాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇవన్నీ ఆ రిపోర్టులో దాచకుండా రాశారు, తప్పు వాళ్లది కాదు. 149ని వదిలేసి 20,000ని పట్టుకుని పంచుకున్నవాళ్లది.

2011లో ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ వేసిన లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. పల్చటి ప్లాస్టిక్ సంచిని ఒకసారి వాడి పారేస్తే, వాతావరణం దృష్ట్యా దానికి సమానం కావడానికి పత్తి సంచిని 131 సార్లు వాడాలి. అదే పల్చటి సంచులన్నిటినీ చెత్తబుట్టలో తొడుగులుగా మళ్లీ వాడితే, పత్తి సంచిని 327 సార్లు వాడాలి. పత్తి పంటలో ఏమీ మారలేదు. అవతలి సంచికి రెండో పని దొరికింది, అంతే. అట్టపెట్టెనైనా, సీసానైనా, సంచినైనా పోల్చేటప్పుడు రెండువైపులా ఎన్నిసార్లు పని చేయించుకున్నారో చెప్పకపోతే ఆ పోలికకు అర్థమే లేదు.

పసిపిల్లల డైపర్లదీ ఇదే కథ. 1990 ప్రాంతంలో అమెరికాలో పారేసే డైపర్లవాళ్లు చేయించిన అధ్యయనం ఒకవైపు తేల్చింది, గుడ్డ డైపర్లవాళ్లు చేయించింది ఇంకోవైపు తేల్చింది. బ్రిటన్ ప్రభుత్వం 2008లో విడుదల చేసిన లెక్కలో ఒక బిడ్డకు రెండున్నరేళ్లకు పారేసేవాటితో దాదాపు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు, ఉతికి వాడేవాటితో దాదాపు 570 కిలోలు వచ్చాయి. అంటే ఇంచుమించు సమానం. కానీ మెషీన్ నిండా వేసి ఉతికి, ఎండలో ఆరేసి, వాటినే రెండో బిడ్డకూ వాడితే గుడ్డ డైపర్ల లెక్క సుమారు 200 కిలోలు తగ్గుతుంది. డ్రయ్యర్లో ఆరబెడితే పెరుగుతుంది. "గుడ్డ మంచిదా, పారేసేది మంచిదా" అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లు ఆ రిపోర్టు చదవరు. అందులో ఉన్న జవాబు గుడ్డ గురించి కాదు, ఉతికే తీరు గురించి.

దశాంశాల మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. "ఈ వస్తువు కార్బన్ భారం 3.47 కిలోలు" అని రాస్తారు. మీథేన్ లాంటి వాయువుల్నీ కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చి కలిపిన అంకె అది. వంద సంవత్సరాల లెక్కలో మీథేన్ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందన్నదానికి ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం) 1995లో 21 అంది, 2007లో 25 అంది, 2013లో 28 అంది. 20 ఏళ్లకు లెక్కేస్తే 80 దాటుతుంది. పరిజ్ఞానం పెరిగేకొద్దీ అంకె మారడం సైన్సుకి సహజం, అందులో తప్పు లేదు. కానీ ఏ అంకె, ఎన్నేళ్లకు వాడారో చెప్పకుండా, ప్రపంచ సగటు కరెంటు డేటాను సాఫ్ట్‌వేర్లోంచి లాగి, చివర రెండు దశాంశాలు పెట్టడం చదివేవాళ్లకు లేని భరోసా ఇవ్వడమే. అల్యూమినియం తీసుకోండి. ఖనిజం నుంచి కొత్త లోహం తీయడానికి కిలోకి సుమారు 14 యూనిట్ల కరెంటు పడుతుంది. ఆ కరెంటు బొగ్గుదా, జలవిద్యుత్తా అన్నదాన్ని బట్టి అదే లోహం భారం ఎన్నో రెట్లు మారిపోతుంది. పాత లోహాన్ని కరిగిస్తే దాదాపు 95 శాతం శక్తి ఆదా. అక్కడ సగటు పెట్టి రెండు దశాంశాలు రాసి ఏం లాభం?

కార్బన్, నీళ్లు, నేల, విషపదార్థాలు అన్నీ కలిపి ఒకే మార్కు ఇచ్చేవాళ్లు ఇంకో రకం. దేనికి ఎంత ప్రాధాన్యమన్నది విలువలకు సంబంధించిన నిర్ణయం, కొలత కాదు. అందుకే బహిరంగంగా ప్రకటించే పోలికల్లో అలా వెయిటేజీ వేసి కలపకూడదని ఐఎస్‌ఓ 14044లో స్పష్టంగా ఉంది. ఆ మాట చెబితే "జనానికి ఒక్క అంకె ఉంటేనే అర్థమవుతుంది" అంటారు. నేను ఒప్పుకోను. షెడ్డులో ఆ సూపర్‌వైజర్‌కి ఏ సాఫ్ట్‌వేరూ తెలియదు, అయినా లెక్కలో లోపం ఎక్కడుందో ఒక్క నిమిషంలో పట్టుకున్నారు. ఎన్నిసార్లు వాడాలన్నది చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

అందుకే ఎవరైనా ఇలాంటి రిపోర్టు చేతికిస్తే నేను మొత్తం భారం ఎంతన్నది ముందు చూడను. బ్రేక్ ఈవెన్ అడుగుతాను, అంటే ఎన్నిసార్లు వాడితే రెండూ సమానమవుతాయో. తిరిగి వాడే వస్తువు తయారీకి అయిన అదనపు భారం ఎంత, పారేసేదానికి బదులు దాన్ని వాడినప్పుడు కడగడం, రవాణా పోను ఒక్కోసారికి మిగిలేది ఎంత, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్నిసార్లు వచ్చింది? ఆ వచ్చింది 12 అయితే, అసలు వాడకం 20 అన్నా 100 అన్నా నిర్ణయం మారదు, నిశ్చింతగా ముందుకు వెళ్లొచ్చు. 60 అయితే ముందు రిజిస్టర్లు తెరిపించాలి.

ఈ విషయంలో నాకు సంతోషం కలిగించిన చట్టం ఒకటుంది. యూరోపియన్ యూనియన్ 2023లో బ్యాటరీల మీద తెచ్చిన నిబంధనల్లో, కార్బన్ భారాన్ని ఒక్కో బ్యాటరీకి ఇంత అనో, కిలోకి ఇంత అనో చెప్పమనలేదు. ఆ బ్యాటరీ తన మొత్తం ఆయుష్షులో అందించే శక్తిలో ఒక్కో కిలోవాట్ అవర్‌కి, అంటే ఒక్కో యూనిట్ కరెంటుకి, ఎంత భారమో చెప్పమన్నారు. అంటే ఆయుష్షు నేరుగా భాగించే అంకెలోకి వచ్చి కూర్చుంది. రెండేళ్లలో చచ్చే బ్యాటరీని ఎంత శుభ్రమైన కరెంటుతో తయారుచేసినా దాని అంకె బాగుండదు, ఎక్కువకాలం పనిచేసేది బాగుంటుంది. ఫోన్లకూ, వాషింగ్ మెషీన్లకూ, క్రేట్లకూ కూడా ఇదే పద్ధతి తప్పనిసరి చెయ్యాలి. పెట్టిన ఆయుష్షు ఊహా, లేక కొనుగోలు ఖాతాలోంచి తేలిందా అన్నది కూడా అదే లేబుల్ మీద రాయించాలి.